పేర్ల గోడ

సున్నానికి చెవులున్నాయని కెజియా మొదటిసారి అన్నప్పుడు ల్యాబు డైరెక్టరు శేషగిరిరావు గారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "సెలవు పెట్టి కొన్నాళ్లు ఊరెళ్లి రామ్మా" అన్నాడు జాలిగా. జాలి పడితే కెజియాకి ఒళ్లుమంట. సెలవూ పెట్టలేదు, ఊరూ వెళ్లలేదు. తడి సున్నం ముద్ద ఒకటి అరచేతిలో పట్టుకుని, మూతి ఆనించి, ఆయన ఎదుటే "శేషగిరిరావు గారికి నమస్కారం" అంది. ఆ ముద్ద గట్టిపడ్డాక తను తయారుచేసిన మిషన్లో పెట్టి ఆ నమస్కారాన్ని తిరిగి ఆయన చెవిలోనే పోసింది. గరగరమంటూ వచ్చింది గానీ గొంతు కెజియాదే. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఇంకోసారి వెయ్యి" అన్నాడు.

సంగతి పెద్ద మాయేమీ కాదు. తడి సున్నం రాయి కావాలంటే బొగ్గుపులుసు గాలి తాగాలి. గోడకి కొట్టిన సున్నం ఆ గాలిని బయటినుంచి తీరిగ్గా, కొంచెం కొంచెంగా తాగుతుంది. మనిషి మూతి ఆనించి మాట్లాడితే అలా కాదు. ఊపిరిలో ఆ గాలి దండిగా ఉంటుంది గనక మాట వెంట మాట, పొర మీద పొర అక్కడికక్కడే బిగుసుకుంటుంది. గొంతులో ఉన్న వణుకంతా ఆ పొరల్లో ఉండిపోతుంది. కెజియా మిషను సన్నటి వెలుగుతో ఒక్కో పొరా చెక్కుతూ ఆ వణుకు చదువుతుంది. చెక్కిన పొర పొడైపోతుంది. మాట రికార్డులోకి వస్తుంది, సున్నంలో మాత్రం మిగలదు. పోతే పోయింది, రికార్డు ఉందిగా అనుకుంది కెజియా అప్పట్లో.

"ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది" అన్నాడు శేషగిరిరావు. "నీ నమస్కారాలు వాళ్లకి ఆనవు. పాతకాలం మనిషి గొంతు కావాలంటారు. అది చూపించలేకపోతే ఈ ల్యాబుకి తాళం పడుతుంది. అయినా పాతకాలంలో సున్నానికి మూతి ఆనించి మాట్లాడిన పిచ్చివాళ్లు నీకెక్కడ దొరుకుతారు?"

"మా ఊళ్లో దొరుకుతారు సార్" అంది కెజియా.

కెజియాది పల్నాడులో నల్లవాగుపాడు. అసలైతే ఊరు కూడా కాదు, ఊరికి పడమట, వాగు అవతల ఉండే పల్లె. అక్కడొక రాతి గుడి ఉంది. దాదాపు నూటయాభై ఏళ్ల కిందటి ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోయాక, బండిమీద జొన్నలేసుకొచ్చిన తెల్లదొర దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు, వాగులో రాళ్లు మోసి, బట్టీ పెట్టి సున్నం కాల్చి, తమ చేతుల్తో కట్టుకున్న గుడి. పల్లెలో దాన్ని చర్చి అనరు, గుడి అనే అంటారు. చెప్పులు బయట విడుస్తారు, చాపల మీద కూర్చుంటారు. దొర తన దేశపు రాగాలు నేర్పుదామని రెండేళ్లు గొంతు చించుకుంటే, వీళ్లు మాత్రం ఆయన మాటల్ని నాట్లప్పటి వరసల్లో పాడుకున్నారట. చివరికి దొరే ఆ వరసల్లోకి దిగి వచ్చాడట పాపం.

గుడిలో ప్రభువు భోజనపు బల్ల పక్క గోడకి, ఛాతీ ఎత్తున, చలిమిడి ముద్దలంత సున్నపు ముద్దలు వరసగా పొదిగి ఉంటాయి. ఇంటికొక ముద్ద. అదే పేర్ల గోడ. అంతకు ముందు పల్లెలో బిడ్డ పుడితే పేరు కన్నవాళ్లు పెట్టుకోవడానికి లేదు, ఊళ్లో కామందు పెట్టాలి. పెంటడు, కుక్కి, బురదమ్మ, అలాంటివీ ఆయన పెట్టే పేర్లు. గుడి గోడలు లేచాక దొర ఇంటికొక తడి ముద్ద చేతిలో పెట్టి, "మీ పాత పేరు ఇందులో చెప్పి గోడలో పూడ్చెయ్యండి, ఇక అది మీది కాదు" అన్నాడని చెప్పుకుంటారు. ఏటా గుడి పండగనాడు పాస్టరు అయ్యగారు ఈ కథే ప్రసంగం చేస్తారు, పిల్లలు నాటకం వేస్తారు. ఏడో తరగతిలో కెజియా రూతమ్మ వేషం కట్టింది.

రూతమ్మ వేషం వేరేవాళ్లకి ఎలా ఇస్తారు మరి? కెజియా ఆ ఇంటి ఆరో తరం పిల్ల. రూతమ్మ కూలిపని చేస్తూనే అక్షరాలు నేర్చుకుని బైబిలు స్త్రీ అయింది, ఊరూరా తిరిగి ఆడవాళ్లకి చదువు చెప్పింది. ఆమె కొడుకు బడిపంతులు అయ్యాడు. తర్వాత్తర్వాత ఇంట్లో నర్సులూ పంతుళ్లూ పుట్టుకొచ్చారు. అన్నిటికంటే పల్లె గొప్పగా చెప్పుకునేది ఆదివారం సంగతి. ఆదివారం పనికి రామని పల్లె ఎదురు తిరిగినప్పుడు కామందు మనుషులు వచ్చి కొట్టారు. దెబ్బలకి తాళలేక చాలామంది తిరిగి పనికి పోయారు. రూతమ్మ పోలేదు. వీపు చిట్లినా ఆదివారం గుడికే పోయింది. బతికినన్నాళ్లూ ఒక్క ఆదివారం తప్పలేదట. ఆమెని చూసి మిగతావాళ్లు ధైర్యం తెచ్చుకున్నారు, చివరికి కామందే దిగొచ్చి ఆదివారం ఒప్పుకున్నాడు.

సంఘం పెద్ద దానియేలు గారికి కెజియా ఆలోచన చెప్పగానే ఆయన ఛాతీ ఉబ్బింది. "తీసుకుపో అమ్మాయ్. మనల్ని ఏమని పిలిచారో లోకం వినాలి. విని, ఇప్పుడు మనం ఎక్కడున్నామో చూడాలి. మొదట మీ ఇంటి ముద్దే తియ్యి, తర్వాత మిగతావన్నీ ఇప్పిస్తాను" అన్నాడు. అయ్యగారు కూడా సరేనన్నారు.

ఒప్పుకోనిది నాయనమ్మ సలోమమ్మ ఒక్కతే. మిషను ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటినా నోరు మాత్రం వార్డులో ఉన్నప్పటి నోరే.

"ఆ పేరు నా చెవిన పడకూడదు. నీ చెవిన అసలే పడకూడదు" అంది.

"అది సిగ్గుపడాల్సిన పేరైతే, సిగ్గు పెట్టినవాడిది నాయనమ్మా, మనకెందుకు?"

"నీకు సిగ్గు లేకపోవచ్చే తల్లీ. పూడ్చినావిడకి ఉంది. వద్దనుకుని పూడ్చింది. తవ్వడానికి నువ్వెవరివి?"

"ఆమె మనవరాల్ని."

"అయితే మనవరాల్లా ఉండు, పోలీసులా వెతక్కు" అని సలోమమ్మ మంచానికి అడ్డం తిరిగి పడుకుంది.

కెజియాకి నాయనమ్మంటే ప్రాణం. అయినా ఆ మధ్యాహ్నం సలోమమ్మ కునుకు తియ్యగానే గుడికి వెళ్లి, ఉలి పెట్టి జాగ్రత్తగా రూతమ్మ ముద్దని గోడలోంచి ఊడదీసింది. మంచి పనికే కదా అని గట్టిగా నమ్మింది. గోడలో గుంట పడింది. ముద్దని దూదిలో చుట్టి, అదే సాయంత్రం బస్సెక్కింది.

ల్యాబులో ముద్దని మిషన్లో పెడుతుంటే శేషగిరిరావు గారు వెనక నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. చెడ్డవాడేం కాదు, పుస్తకాలు బాగా చదివినవాడు. "ఏమన్నా అనుకో కెజియా, మీవాళ్లు పేరుతో పాటు చాలా పూడ్చేసుకున్నారు. దేవతలు పోయారు, కొలుపులు పోయాయి, కథలు పోయాయి. దొర చెప్పాడు, వీళ్లు తలూపారు."

"తలూపినవాళ్లని ఎవరన్నా అడిగారా సార్?"

"అడగడానికి ఉన్నారా?"

"అందుకే గదా అడుగుతున్నాను" అని కెజియా మీట నొక్కింది.

పొరలు లేస్తున్నాయి. మొదట గాలి చప్పుడు, తర్వాత దగ్గు. ఆడమనిషి దగ్గు. దాదాపు నూటయాభై ఏళ్ల నాటి దగ్గు అది. తర్వాత గుసగుసగా, తొందర తొందరగా, ఎవరన్నా వింటారేమోనన్నట్టు గొంతు వచ్చింది.

"ఒసే అంకీ, ఒరే కోటిగా, నా బుడ్డదానా. మీకు నీళ్లు పొయ్యలేదంట, మీరు లోపలికి రాగూడదంట. దొర అంటన్నాడు. మీకేం తెలుసు, కరువులో పోతిరి. నేను తెచ్చినా మిమ్మల్ని. ఈడనే ఉండండి. సప్పుడు చెయ్యబాకండి. ఆదివారం ఆదివారం నేనొస్తా."

అంతే. ముద్ద అయిపోయింది. పళ్లెంలో తెల్లటి పొడి మిగిలింది.

పాత పేరు లేదు. కామందు పెట్టిన పేరు ఆవిడ చెప్పనేలేదు. దొర చేతిలో పెట్టిన ముద్దని తీసుకుని, అతనేం చెప్పమన్నాడో వదిలేసి, బాప్తిస్మం అందకుండానే కరువులో చచ్చిపోయిన ముగ్గురు పిల్లల్ని అందులో దాచి దేవుడింట్లో పెట్టుకుంది. మూడోదానికి పేరు పెట్టే వ్యవధి కూడా లేకపోయింది కాబోలు. వీపు చిట్లినా ఆదివారం ఎందుకు తప్పలేదో కెజియాకి అప్పుడు తెలిసింది. పల్లె మొత్తం ఆ ఆదివారం వెనకాలే నిలబడి కామందుని వంచింది. ఆమె మాత్రం పిల్లల్ని చూసుకోవడానికి పోయేది. కెజియా కుర్చీలో కూలబడి ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది. శేషగిరిరావు గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

తేరుకున్నాక మాత్రం ఆయన డైరెక్టరే. "అద్భుతం. కమిటీ లేచి నిలబడుతుంది. మిగతా ముద్దలన్నీ తెప్పించు, ఒక్కొక్కటీ ఏం దాచుకుందో చూద్దాం" అన్నాడు.

కెజియా శనివారం ఊరు చేరింది. గోడలో గుంట సంగతి సలోమమ్మకి ముద్ద తీసిన రోజే తెలిసింది, పల్లెలో ఏది దాగుతుంది గనక. కెజియా ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఫోను పక్కన పెట్టేసి, తన నోటితోనే మొత్తం చెప్పింది. పేరు లేదని చెప్పింది. అంకి, కోటిగాడు, బుడ్డది అని చెప్పింది. సలోమమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తీసి ఒక మాట అడిగింది.

"ఆ పిల్లలిప్పుడు ఏరీ?"

"రికార్డులో ఉన్నారు నాయనమ్మా. గొంతు భద్రంగా ఉంది."

"నేనడిగేది గొంతు సంగతి కాదే. గోడలో ఉన్నారా?"

"లేరు" అంది కెజియా. "సున్నం పొడైపోయింది."

"తల్లి లోపల పెట్టి పోయింది. కొట్టినా తిట్టినా ఆరు తరాలు దేవుడింట్లో ఉన్నారు పిల్లలు. నువ్వు వచ్చి బయటికి లాగావు." సలోమమ్మ గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా కెజియాకి కాస్త ఊరటగా ఉండేది. చదువుకున్నదాన్నని, మాటలు మాటలేనని, పిల్లలు గోడలో ఉండరని చెప్పడానికి తన దగ్గర బోలెడు సమాధానాలున్నాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. తప్పు చేశానని స్పష్టంగా తెలుస్తోంది.

మర్నాడు ఆరాధన అయ్యాక సంఘాన్ని కూర్చోబెట్టి కెజియా రూతమ్మ మాట వినిపించింది. వినిపించమని సలోమమ్మే చెప్పింది, ఇంటి ముద్ద గనక ఇంటి పెద్దగా. ముసలివాళ్లు ముసుగుల్లో ముక్కులు చీదారు. దానియేలు గారు గొప్ప ఉపన్యాసం రాసుకుని జేబులో పెట్టుకొచ్చాడు. పాపం ఆ కాగితం బయటికే రాలేదు.

"మనం ఇన్నేళ్లూ దొర చెప్పిన కథే చెప్పుకుంటున్నామన్నమాట" అన్నాడాయన మెల్లిగా. "మనవాళ్లేం చేశారో మనకే తెలీదు."

"మిగతావి కూడా విందామా పెదనాన్నా? మీరు ఇప్పిస్తానన్నారు" అని అడిగింది కెజియా. ఆమె అడిగింది తీసుకుపోదామని కాదు. ఆ మాట సంఘమే తేల్చాలి గనక అడిగింది.

దానియేలు గారు గోడవైపు చూశాడు. "మా ముత్తాత యాకోబు ముద్ద అదిగో. పిల్లల్ని దాచాడో, అంకాళమ్మని దాచాడో, కామందుని నాలుగు బండబూతులు తిట్టాడో. ఆయన కోపం చూస్తే తిట్టే ఉంటాడు." జనం కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. "ఏదన్నా కానీ, ఆయన దేవుడితో చెప్పుకున్నాడు. మధ్యలో నేనెందుకు? ఉండనీ అమ్మాయ్."

ఒక్కరు కూడా కాదనలేదు. అయ్యగారు కూడా కాదనలేదు. నీళ్లు పొయ్యని పిల్లల సంగతి ఆయన్ని లోపల కెలికినట్టుంది, ప్రార్థన చెయ్యబోయి రెండుసార్లు ఆగాడు. చివరికి అంకి, కోటిగాడు, బుడ్డది అని ముగ్గురి పేర్లూ చెప్పి ప్రార్థన చేశాడు. ఆ గుడిలో ఆ పేర్లు బయటికి పలకడం అదే మొదలు.

బయటికొచ్చి కెజియా శేషగిరిరావు గారికి ఫోను చేసింది.

"ముద్దలు రావు సార్."

"పిచ్చెక్కిందా? కమిటీ ముందు ఏం పెడతావు?"

"నా ఊపిరితో చేసినవి పెడతాను. మిషను పనిచేస్తుందని చూపిస్తాను. వాళ్లనే మూతి ఆనించి మాట్లాడమంటాను, వాళ్ల మాటే వాళ్లకి వినిపిస్తాను."

"రూతమ్మ ఉంది గదా. అదన్నా వెయ్యి."

"అది మా ఇంటిది. మా నాయనమ్మ ఒప్పుకుంటేనే."

"తాళం పడుతుంది కెజియా. నేను ఆపలేను."

"పడితే ఇంకోచోట తెరుస్తాను సార్. పనిచేసే మిషను ఎక్కడన్నా పనిచేస్తుంది. ఇక మీదట నేను ముట్టుకునే ముద్ద ఎవరిదైనా, వాళ్ల ఇంటివాళ్లు పిలిచి ఇచ్చిందే అవుతుంది." ఫోను పెట్టేసింది. తనేం చెయ్యాలో ఇంత తేటగా ఆమెకి ఎప్పుడూ తెలియలేదు.

మధ్యాహ్నానికి దానియేలు గారు ఎక్కణ్నుంచో గుల్ల సున్నం తెప్పించాడు. కుండలో నీళ్లు పోస్తే అది సలసలా పొంగి, చల్లారి, వెన్నలాగా అయింది. జనం ఇళ్లకి వెళ్లాక గుడిలో నాయనమ్మా మనవరాలూ మిగిలారు. కెజియా చేతికి గుడ్డ చుట్టుకుని ముద్ద చేసింది. ల్యాబులో అలాంటివి ఎన్నో చేసింది గానీ ఇప్పుడు మాత్రం నోరు ఆనించడానికి భయమేసింది.

"చెప్పవే. లాగినదానివి నువ్వే, పెట్టాల్సింది కూడా నువ్వే" అంది సలోమమ్మ.

కెజియా మూతి దగ్గరికి తెచ్చుకుంది. "అంకీ, కోటిగా, బుడ్డమ్మా. నేను కెజియాని. మీ అమ్మ మనవరాల్ని. తెలీక తీశాను. మళ్లీ లోపల పెడుతున్నాను. ఇక ఎవరూ కదపరు. మీ అమ్మ కూడా ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది, వెతుక్కోండి." ముద్దని గుంటలో పెట్టి బొటనవేలితో అంచులు నొక్కింది. తెల్లగా, పక్కవాటి మధ్య కొత్తగా కనబడుతోంది.

సలోమమ్మ చెయ్యి చాపింది. "నాకొకటి చెయ్యి."

"నీకెందుకు నాయనమ్మా?"

"అడక్కుండా చెయ్యి."

కెజియా ఇంకో ముద్ద చేసి ఆమె అరచేతిలో పెట్టింది. సలోమమ్మ గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, నోరు ఆనించి చాలాసేపు మాట్లాడింది. కెజియా వినబడనంత దూరం జరిగి, తలుపు దగ్గర నిలబడింది. వినాలని ప్రాణం కొట్టుకుంది, అయినా అడుగు కదపలేదు. పనంతా అయ్యాక సలోమమ్మ ముద్దని తనే గోడకి, రూతమ్మ పిల్లల ముద్ద పక్కనే అంటించి, తడి చేతిని చీరకి తుడుచుకుంది.

"మీ నాన్న కంటే ముందొకడు పుట్టాడు" అంది. కెజియా వైపు చూడకుండానే చెప్పింది. "ఆ వచ్చే ఆదివారం బాప్తిస్మం ఇప్పిద్దామనుకున్నాం. శుక్రవారం జ్వరం తగిలింది. నర్సుని, నా చేతుల్లోనే పోయాడు. నీళ్లు పొయ్యని బిడ్డని సంఘం సమాధుల్లో పెట్టడానికి లేదన్నాడు అప్పటి అయ్యగారు. మీ తాతయ్య వాగొడ్డున పెట్టొచ్చాడు. ఆ వాగు ఎన్నిసార్లు పొంగిందో. యాభై ఏళ్లు దాటింది, ఎవరితోనూ అనలేదు."

కెజియా దగ్గరికొచ్చి నాయనమ్మ భుజం పట్టుకుంది. సలోమమ్మ కాసేపు మనవరాలి మీద ఆనుకుని నిలబడింది. మోకాళ్ల నొప్పులొచ్చాక గుడికి రావడం మానేసి, ఇంట్లో మైకు వింటూ కూర్చునే మనిషి ఈ రోజు నడిచొచ్చింది. తర్వాత కర్ర అందుకుంది.

"వచ్చే ఆదివారం వస్తానని చెప్పాను వాడికి" అంది. "పొద్దున్నే ఆటో మాట్లాడి పెట్టు."